వాహనంలోని వస్తువులు

కారు తాళం ఆమె గుప్పిట్లో ఉంది.

కారు కదులుతోంది!

పెట్రోల్ బంకు షాపులో, వాన నీళ్లు జారుతున్న అద్దం ఇవతల నిలబడి ఉంది ఆమె. చూస్తున్నదేమిటో మొదట బుర్రకెక్కదు. తెల్లటి పొడవాటి కారు... వెనక మడిచిన ర్యాంపు... ఎడమ తలుపు మీద సొట్ట...

తమదే!

గుప్పిట విప్పి చూసుకుంటుంది. తాళం ఉంది. చెమటతో తడిసి, వెచ్చగా.

మరి ఇంజన్ స్టార్ట్ చేసిందెవరు?

నీళ్ల సీసా చేతిలోంచి జారిపోతుంది.

“ఆగండి! ఏయ్... ఆగండి! లోపల మనిషి ఉన్నాడు!”

పరుగెడుతుంది. తడిసిన సిమెంటు మీద చెప్పు జారుతుంది. మోకాలు పగులుతుంది. లేస్తుంది. వెనక లైట్లు రెండూ అప్పటికే రోడ్డెక్కేశాయి. వాటి వెంట ఒక మోటార్ సైకిల్. హడావిడి లేదు. దొంగల కంగారు లేదు. డ్యూటీ దిగి ఇంటికి పోతున్నవాళ్ల తాపీ ఉంది వాళ్లలో.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. బంకు నిండా లైట్లు, మనుషులు. అయినా ఒక్కరూ అడ్డుపడలేదు.

“మీ డ్రైవరనుకున్నానమ్మా!” అంటాడు పైపు పట్టుకున్న బంకు మనిషి. “తాళంతోనే తీశాడు కదా!”

తాళంతోనే!

రెండో తాళం!

‘అది పోయింది చెల్లెమ్మా. మా నాన్న ఎక్కడ పెట్టాడో పెట్టాడు, ఆయనతోనే పోయింది’ అన్నాడు కారు అమ్మిన లారీల ఆయన. ఆమె నమ్మింది. అప్పిచ్చేనాడే రెండో తాళం తన దగ్గర ఉంచుకోవడం ఆ ఫైనాన్స్ కంపెనీ పద్ధతి అని ఆమెకు ఎవరు చెబుతారు?

లోపల తమ్ముడున్నాడు.

వెనక పడక సీటు మీద, దుప్పటి కింద, నిద్రలో. మూతికి మాస్క్. మాస్కుకు గొట్టం. గొట్టానికి ఊపిరి మిషన్. మిషన్‌కు కారులోని సాకెట్. కండరాల జబ్బు మొదట అతని కాళ్లు తీసుకుంది. తర్వాత చేతులు. ఇప్పుడు ఛాతీ మీద కూర్చుంది. మెలకువగా ఉంటే కాసేపు తనంతట తాను ఊపిరి లాగగలడు. కునుకు పడితే మిషనే లాగాలి.

ఇంజన్ నడిస్తే మిషన్ నడుస్తుంది. ఇంజన్ ఆగితే మిషన్లోని పాత బ్యాటరీ మీద కొంతసేపు. పచ్చ లైటు. తర్వాత ఎర్ర లైటు, కూత.

తర్వాత...

ఆ తర్వాత ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

బంకులోంచి పాల ట్యాంకరొకటి బయటికి వస్తోంది. ఆమె దాని ముందుకు దూకుతుంది. రెండు చేతులూ చాపి నిలబడుతుంది. బ్రేకు కీచుమంటుంది!

“చావాలనుందా?” కిటికీలోంచి నెరిసిన మీసాల పెద్దాయన అరుస్తాడు.

“బాబాయ్! నా కారు... నా తమ్ముడు... ఊపిరి మిషన్ మీద ఉన్నాడు... అదిగో, ఆ లైట్లే!”

పెద్దాయన లైట్ల వైపు చూస్తాడు. ఆమె మోకాలి మీద రక్తం చూస్తాడు.

“ఎక్కు తల్లీ.”

* * *

ట్యాంకర్ ఊగుతూ పోతుంది. వైపర్లు కొట్టుకుంటున్నాయి. దూరంగా ఎర్ర చుక్కలు రెండు.

“ఇంకాస్త బాబాయ్... ఇంకాస్త!”

“పాలు నిండుగా ఉన్నాయి తల్లీ. ఇది ట్యాంకరు, విమానం కాదు.”

తమ్ముడి ఫోనుకు చేస్తుంది. అది డ్రైవర్ సీటు పక్కనే చార్జింగ్‌లో ఉంది. మోగుతుంది... మోగుతుంది... ఎవరో కట్ చేస్తారు. మళ్లీ చేస్తుంది.

స్విచ్ ఆఫ్!

అంతలో...

“అక్కోయ్! ఎత్తవే! అమ్మ పిలుస్తోంది... ఎత్తవే తల్లీ, ఎత్తు!”

పెద్దాయన ఉలిక్కిపడి స్టీరింగ్ వంకర తిప్పేస్తాడు. “ఎవరదీ?”

“నా ఫోను బాబాయ్.”

తమ్ముడి గొంతే. గొంతులో ఇంకా బలమున్న రోజుల్లో రికార్డు చేసి, అమ్మ నంబరుకు రింగ్‌టోన్‌గా పెట్టాడు. ‘నేను మంచం మీదున్నా నిన్ను కేకేసి పిలవగలిగేది ఇలాగే’ అని నవ్వాడు. ఇప్పుడతని మాట పక్కన కూర్చుంటే తప్ప వినబడదు. ఫోన్లో మాత్రం వీధి చివరికి వినబడుతుంది.

ఎత్తుతుంది.

“ఎక్కడిదాకా వచ్చారే? వాడేం చేస్తున్నాడు?”

“పడుకున్నాడమ్మా.”

“మాస్కు సరిగ్గా పెట్టావా? జారిపోతుందది.”

“...పెట్టానమ్మా.”

“మెల్లిగా రండి. తొందరేముంది?”

ఫోన్ పెట్టేస్తుంది.

పోలీసులకు చేస్తుంది. అవతల నిద్రమత్తు లేదు, తొందరా లేదు.

“కారు ఎవరి పేరున ఉందమ్మా?”

“నేను కొన్నాను సార్. దూరం నుంచి తెచ్చుకుంటున్నాం. ర్యాంపున్న కార్లు దొరకవు, అందుకని...”

“పేరు మారిందా?”

“పది రోజులు పడుతుందన్నారు.”

“మరి దాని మీద అప్పు?”

“ఉండేది. కట్టేశాను!”

“కట్టేస్తే తీసుకుపోరు కదమ్మా. తాళంతో తీశారంటున్నారు. ఫైనాన్స్ వాళ్లే అయ్యుంటారు. అది దొంగతనం కిందికి రాదు. కారేమో అమ్మినాయన పేరున ఉంది. బాకీ వాళ్లది. అందులో మీదేముందమ్మా?”

“నా తమ్ముడున్నాడు!”



“మనిషున్నాడని తెలిసే తీసుకెళ్లారా?”

“తెలియక.”

“తెలియకపోతే కిడ్నాప్ అవదు. స్టేషన్‌కొచ్చి రాసివ్వండి. ఈలోగా మొబైల్ వ్యానుకు చెబుతాను... అది ఇప్పుడు వేరే పనిలో ఉంది.”

లైను పోతుంది.

“ఏమన్నారు?” పెద్దాయన.

“నాదేముందన్నారు.”

పెద్దాయన పంటి బిగువున ఏదో తిట్టి, గేరు మారుస్తాడు.

ఆమె ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేస్తుంది. జాగ్రత్త ఆమె ఒంట్లోనే ఉంది. ‘పెళ్లిచూపులకొచ్చినవాణ్ణి కూడా ఎక్స్‌పైరీ డేట్ చూసి పంపించేశావంటగా!’ అని తోటివాళ్లు ఏడిపిస్తారు. ఈ కారు విషయంలో ఆమె చేయని జాగ్రత్త లేదు. అమ్మేవాడి చేతిలో ఒక్క పైసా పెట్టలేదు. అతనిచ్చిన ఫోన్ నంబరును నమ్మలేదు. స్వయంగా ఫైనాన్స్ కంపెనీ ఆఫీసుకే వెళ్లింది. కౌంటర్లోనే డబ్బు కట్టింది. తన ప్రావిడెంట్ ఫండ్, తమ్ముడు మంచం మీంచి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టినది, అంతా. రసీదు తీసుకున్నాకే తాళం అందుకుంది.

ఇంతకంటే ఏం చేయాలి మనిషి?

ఆ కంపెనీకే ఫోన్ చేస్తుంది. సంగీతం. మళ్లీ సంగీతం. మీ కాల్ మాకెంతో విలువైనది...

“నమస్కారం మేడమ్. మీకు నేనెలా సహాయపడగలను?”

“మీవాళ్లు నా కారు తీసుకుపోతున్నారు! వెనక నా తమ్ముడున్నాడు! వాళ్లకు చెప్పండి! వెంటనే ఆపమనండి!”

“వాహనం నంబరు చెప్పండి మేడమ్.”

చెబుతుంది.

“మీరు కస్టమరా మేడమ్?”

“కాదు, కొన్నదాన్ని. బాకీ అంతా నేనే కట్టాను! మీ కౌంటర్లోనే!”

కీబోర్డు టకటకలాడుతుంది.

“అవును మేడమ్, మొత్తం అందింది. థాంక్యూ మేడమ్.”

“మరి కారెందుకు తీశారు!”

“కస్టమర్‌కు మా దగ్గర రెండు లోన్లున్నాయి మేడమ్. ఒకటి లారీది, ఒకటి కారుది. కస్టమర్ పేరు మీద కట్టిన డబ్బు ముందు పాత లోనుకు జమవుతుంది. లారీ లోన్ క్లోజ్ అయింది. కారు లోన్ పెండింగ్.”



మందుల కౌంటర్లో మొదటి పాఠం ఒకటే. రోగి పేరు అడుగు. మళ్లీ అడుగు. పేరు సరిపోతేనే మందు చేతికివ్వు. ఆ రోజు ఫైనాన్స్ కౌంటర్లోనూ ఆమె అదే చేసింది. ‘ఈయన బాకీ ఎంత?’ అని అడిగింది. పేరు చెప్పింది. మళ్లీ చెప్పింది. పేరులోని ప్రతి అక్షరం సరిచూసుకుంది.

కారు నంబరు... ఒక్కసారి కూడా చెప్పలేదు.

కౌంటర్ మనిషి ఆ పేరు మీద మొదట కనబడ్డ లారీ ఖాతా చూసి అంకె చెప్పాడు. ఆమె లెక్కపెట్టి ఇచ్చింది. లారీల ఆయన పక్కనే నిలబడి నవ్వాడు. ‘ఎంత జాగ్రత్తో మా చెల్లెమ్మకి!’

అతనికి తెలుసు. పక్కనే నిలబడి, అంతా చూస్తూ... నోరు మూసుకున్నాడు!

“మేడమ్, లైన్లో ఉన్నారా?”

“వినండి. వెనక సీట్లో మనిషున్నాడు. ఊపిరి మిషన్ మీద ఉన్నాడు. ఇంజన్ ఆపితే చచ్చిపోతాడు.”

“వాహనంలోని వస్తువులకు సంస్థ బాధ్యత...”

“వస్తువు కాదమ్మా! మనిషి!”

మొదటిసారి ఆ గొంతులో కాగితం భాష పోయి, ఒక ఆడపిల్ల వినబడుతుంది.

“మేడమ్... నా స్క్రీన్ మీద మనిషి అన్న ఆప్షన్ లేదు మేడమ్. వస్తువులు అనే ఉంది. అదే పెడుతున్నాను. అర్జెంట్ అని కూడా పెడుతున్నాను. మెసేజ్ వాళ్లకు ఇప్పుడే వెళ్లిపోతుంది. నిజంగా మేడమ్... ఇప్పుడే పంపిస్తున్నా.”

“పంపించమ్మా. నీకు పుణ్యముంటుంది.”

ఫోను ఒళ్లో పెట్టుకుని ఎర్ర చుక్కల మీద చూపు నిలుపుతుంది. రెప్ప వేయదు.

చుక్కలు చిన్నవవుతున్నాయి... ఇంకా చిన్నవి...

ఆగాయి!

“బాబాయ్! ఆగాయి! మెసేజ్ చేరింది!”

ప్రాణం లేచి వస్తుంది. పెద్దాయన యాక్సిలరేటర్ మీద నిలబడ్డంత పని చేస్తాడు. ట్యాంకర్ రొప్పుతుంది. దగ్గర... ఇంకా దగ్గర...

రోడ్డు వంపు తిరుగుతుంది. చెట్లు అడ్డొస్తాయి. చుక్కలు కనబడవు.

వంపు దాటేసరికి... మళ్లీ కదిలిపోతున్నాయి!

“అయ్యో! పోతున్నాయి! పోతున్నాయి బాబాయ్!”

పెద్దాయన కాలు మాత్రం బ్రేకు మీదికి పోతుంది. “తల్లీ, ఆ బస్ షెల్టర్లో ఎవరో ఉన్నట్టున్నారు. ఏదో లైటు కూడా...”

ఆమె చూడనైనా చూడదు. కంటి చివర ఏదో పచ్చగా తళుక్కుమంటుంది. మిణుగురో, సీసా పెంకో.

“ఆపకండి!”

“వానలో ఎవరో పాపం...”

“ఎవరైతే ఏం బాబాయ్! మీ కాళ్లు పట్టుకుంటాను. ఆపకండి! నా తమ్ముడు పోతాడు!”

పెద్దాయన కాలు తీసేస్తాడు.

షెల్టర్ వెనక్కి వెళ్లిపోతుంది.

* * *

కూడలి. నాలుగు రోడ్లు. ఏ రోడ్డు మీదా ఎర్ర చుక్క లేదు.

లారీల ఆయనకు చేస్తుంది. తీస్తాడు!

“అన్నగారూ... కారు తీసుకుపోయారు.”

“అయ్యో! అలాగా చెల్లెమ్మా?” ఆశ్చర్యం అతికినట్టు లేదు. వెనక ఏదో పెద్ద ఇంజన్ గుడగుడలాడుతోంది.

“సాయంత్రం మీరే ఫోన్ చేశారు. ‘ఎక్కడ ఆగుతున్నారు చెల్లెమ్మా, పెట్రోలు ఎక్కడ పోయించుకుంటారు’ అని. క్షేమం అడుగుతున్నారనుకున్నాను.”



“లారీ బాకీ తీరినా, కారు వాళ్లకు అప్పజెబితేగానీ పట్టుకున్న లారీ వదలమన్నారు చెల్లెమ్మా. పిల్లలుగలవాణ్ణి. నేను మిమ్మల్ని మోసం చేయలేదు. డబ్బు మీరు వాళ్లకేగా కట్టారు?”

“నా తమ్ముడు కార్లో ఉన్నాడు.”



“నాకు... నాకది తెలీదు...”

“పట్టిన బండ్లు పెట్టే యార్డెక్కడ?”

“కూడలి నుంచి ఎడమకు. పాత ఇటుకల బట్టీ వెనక.” ఫోన్ పెట్టేస్తాడు.

ట్యాంకర్ ఎడమకు విరుచుకుపడుతుంది. బురద. గుంతలు. రేకుల గోడ. గోడ మీద ముళ్లతీగ. గేటు తెరిచే ఉంది!

గేటు నిండా ఒక లారీ. బయటికి వస్తోంది.

ఇద్దరికీ దారి లేదు. ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. లారీ హారన్ కొడుతుంది. మళ్లీ కొడుతుంది. దాని అద్దం వెనక లారీల ఆయన ముఖం... చూపు తిప్పుకుంటుంది.

పెద్దాయన తిట్టుకుంటూ రివర్స్ గేరు వేస్తాడు. ఆమె డబ్బుతో విడిపించుకున్న లారీకి ఆమే దారి ఇవ్వాలి.

లారీ పోయేదాకా ఆమె ఆగదు. ఫోను భుజాన ఉన్న హ్యాండ్‌బ్యాగులో పడేసి, తలుపు తోసుకుని దూకుతుంది. చక్రాల పక్కనుంచి, బురదలోంచి, గేటులోకి...

వరసలు వరసలుగా కార్లు. తడిసి, చీకట్లో, మూగగా. ఇన్ని ఇళ్ల కార్లా!

“ఒరేయ్! నాన్నా! ఎక్కడున్నావురా!”

చెవులు రిక్కిస్తుంది. మిషన్ కూత వినబడదు. వాన చప్పుడే.

అదిగో! ర్యాంపు! సొట్ట!

ఇంజన్ ఆగిపోయి ఉంది.

తాళం దూరుస్తుంది. తిరగదు. రెండోసారికి తిరుగుతుంది. వెనక తలుపు పైకెత్తుతుంది.

దుప్పటి లేదు. మాస్కు లేదు. మిషన్ లేదు. సాకెట్ ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

మనిషి లేడు!

“ఏయ్! ఎవరది?”

టార్చి లైటు ముఖం మీద పడుతుంది. టోపీ పెట్టుకున్న మనిషి. చంకలో హెల్మెట్.

“నా తమ్ముడు! నా తమ్ముడెక్కడ?”

“ఓ... మీరేనా ఆ అక్క!” అతను తేలిగ్గా ఊపిరి వదులుతాడు. “భలే భయపెట్టారమ్మా మమ్మల్ని. మనిషుంటే ముందే చెప్పొద్దా? మాకసలు తెలీదు. దారిలో ఆఫీసు నుంచి మెసేజొచ్చింది. ‘వాహనంలోని వస్తువులు వెంటనే దించి పెట్టవలెను, అర్జెంట్’ అని. ఏం వస్తువులబ్బా అని వెనక చూస్తే... మనిషి! మనిషితో సహా యార్డుకు తెస్తే మా మీద కేసు. అందుకని రూలు ప్రకారం దించేశాం.”

“దించేశారా?”

“వానలో వదిలెయ్యలేదమ్మా, మేమేం రాక్షసులమా? బస్ షెల్టర్లో పడుకోబెట్టాం. దుప్పటి కప్పాం. ఆ మిషన్ కూడా పక్కనే పెట్టాం. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.”

పచ్చ లైటు.

మిణుగురు కాదు, సీసా పెంకు కాదు.

“అక్కా అక్కా అని సణిగాడు. మీ అక్క వెనకాలే వస్తుందిలే, ఏ బండి వచ్చినా చెయ్యెత్తి ఆపమన్నాం...”

“వాడు చెయ్యెత్తలేడు!”

ఆ అరుపుకు టార్చి కింద పడుతుంది. అతను చేతిలోని ప్లాస్టిక్ సంచీ ఆమె వైపు చాపుతాడు.

“మిగతా వస్తువులు... ఇవి...”

సంచిలో ఆఫ్ చేసిన తమ్ముడి ఫోను. ఒక జత చెప్పులు. కొని ఏళ్లయినా అడుగు అరగని చెప్పులు.

* * *

ట్యాంకర్ వచ్చిన దారినే పోతోంది. పెద్దాయన ఆమె వైపు చూడడు. ఆపబోయిన కాలుతోనే యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు.

ఆపకండి అన్నది ఆమే.

మెసేజ్ పంపించమన్నది ఆమే. పుణ్యముంటుందని కూడా అంది.

“బ్యాటరీ ఎంతసేపుంటుంది తల్లీ?”

చెబితే లెక్క నిజమైపోతుంది.

మెలకువగా ఉంటే చాలు. చలికి నిద్ర పట్టి ఉండదు. భయానికి పట్టి ఉండదు. భయపడరా నాన్నా... బాగా భయపడు... నిద్రపోకు!

కళ్లు చీకట్లోకి పొడుచుకుని చూస్తుంది. ఒక్క చుక్క వెలుగు. పచ్చదే కానక్కర్లేదు. ఎర్రదైనా చాలు.

వంపు.

చెట్లు.

షెల్టర్.

చీకటి.

ట్యాంకర్ ఆగకముందే దూకుతుంది. మోకాలు మళ్లీ పగులుతుంది. తెలియదు. హెడ్‌లైట్ల వెలుగు షెల్టర్ గోడ వరకే పడుతోంది, లోపలికి పోవడం లేదు. లోపల బల్ల మీద దుప్పటి. దుప్పటి పక్కన మిషన్. మిషన్ మీద ఏ లైటూ లేదు.

“ఒరేయ్...”

అడుగు ముందుకు పడదు.

“నాన్నా... నేనొచ్చానురా... పలకరా!”

వాన.

వాన.

“అక్కోయ్!”

తూలుతూ దుప్పటి మీద పడుతుంది. “ఉన్నావా! ఉన్నావా నాన్నా! బాబాయ్... పిలిచాడు! నన్ను పిలిచాడు!”

“అక్కోయ్! ఎత్తవే!”

ఎంత గట్టి గొంతు! వీధి చివరికి వినబడేంత గొంతు!



ఇంత బలం... వీడికి... ఎక్కడిది?

దుప్పటి కింద ఏమీ కదలడం లేదు. భుజాన వేలాడుతున్న హ్యాండ్‌బ్యాగులో ఆమె ఫోను వెలుగుతోంది.

“అమ్మ పిలుస్తోంది... ఎత్తవే తల్లీ, ఎత్తు!”